పది మాటల పరీక్ష

తడిగుడ్డతో తుడిచి, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో బంతి రుద్దుతున్నాను. కొత్త బంతి మీద మైనంలాంటి పూత ఉంటుంది. అది పోయి, తోలు వేలికి అంటుకునేదాకా రుద్దాలి. రోజుకో బంతి. కుట్టు పక్కన ఎక్కువసేపు రుద్దాలి, అన్నయ్య వేళ్ళు పడేది అక్కడే. పదమూడో ఏట నుంచి ఈ పని నాదే. మధ్యలో రెండేళ్ళు మాత్రం బ్రష్ మేకుకి వేలాడుతూ ఉండిపోయింది.

"కుక్కకి తిండి పెట్టావా?" అన్నాడు అన్నయ్య. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బయటికి చూస్తున్నాడు.

"పెట్టాను."

బయట సన్నగా మంచు రాలుతోంది. అమ్మ పిండి కలుపుతోంది. పొయ్యి పక్కన ఇంకో మేకుకి అన్నయ్య హెల్మెట్ ఉంది. లోపలి మెత్తలు చలికి బిగుసుకుపోకుండా అమ్మ రోజూ దాన్ని అక్కడే తగిలిస్తుంది. అన్నయ్య తల చాలా పెద్దది. జట్టు సామాన్ల గదిలో ఉన్న హెల్మెట్లలో ఒక్కటీ పట్టకపోతే, పదిహేనేళ్ళ కింద కొలతలు పంపి దాన్ని విడిగా చేయించారు. కుర్రాళ్ళు దాన్ని బకెట్ అంటారు. "గార్త్, నీ బకెట్ ఓసారి ఇస్తావా, గుర్రానికి నీళ్ళు పెట్టాలి" అని ఏడిపిస్తారు.

బంతి తిప్పి రెండో వైపు మొదలుపెట్టాను.

"క్రిస్టా, కుక్కకి తిండి పెట్టావా?"

నా చెయ్యి ఆగిపోయింది. అన్నయ్య ముఖంలో ఏమీ లేదు, మామూలుగానే అడిగాడు. "పెట్టాను" అన్నాను మళ్ళీ. అమ్మ పిండి మీంచి తలెత్తలేదు. కానీ కలపడం ఆపింది, ఒక్క క్షణం.

అది బుధవారం. శనివారం ఆట.

మా అన్నయ్య గార్త్ కార్వనెన్‌కి ముప్పై ఏడేళ్ళు. మా గని ఊరు ఆల్డర్ లొకేషన్‌కి ఉన్న ఒకే ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ల్యాంటర్న్స్. పగలు ఇనుప గనిలో, కలప మిల్లులో పనిచేసి సాయంత్రాలు ఆడేవాళ్ళే అందరూ. ఆ జట్టుకి పదమూడేళ్ళు అన్నయ్యే క్వార్టర్‌బ్యాక్. ప్రతిసారీ ఏ ఎత్తు వెయ్యాలో పదిమందికీ చెప్పేది అతనే, బంతి అందుకుని విసిరేదీ అతనే. జట్టు చివరి పోటీలకి, ప్లేఆఫ్స్‌కి, వెళ్ళింది ఒక్కసారే, పదకొండేళ్ళ కింద. ఆ ఏటి ఫొటో ఇప్పటికీ మంగలి షాపు అద్దం పక్కన ఉంది. రెండేళ్ళ కింద అన్నయ్య తలకి మూడోసారి దెబ్బ తగిలింది. ఇంకోటి తగిలితే మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చని డాక్టరు మా అమ్మకే చెప్పాడు, నా ముందే. అన్నయ్య ఆట మానేశాడు.

ఈ అక్టోబరులో కొత్త క్వార్టర్‌బ్యాక్ కోల్బీకి మెడ కింద ఎముక విరిగింది. మర్నాడే కోచ్ లబెల్ మా ఇంటికి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మూడు ఆటలు, గార్త్. మూడే మూడు" అన్నాడు. అన్నయ్య అప్పటికే బూట్లు వెతుక్కుంటున్నాడు.

మొదటి రెండూ గెలిచారు. మూడోది గెలిస్తే ప్లేఆఫ్స్. బేకరీ అద్దం మీద సున్నంతో అన్నయ్య పేరు రాశారు. కిరాణా కొట్లో నన్ను చూస్తే చాలు, "మీ అన్న చెయ్యి ఎలా ఉంది?" అని అడుగుతారు. తల సంగతి ఎవరూ అడగరు.

తల సంగతి అడగాల్సింది నేనే. బడిలో ఆరోగ్య గదిలో పనిచేస్తాను కాబట్టి నాలుగేళ్ళుగా ల్యాంటర్న్స్‌కి పది మాటల పరీక్ష పెట్టేది నేనే. ఏటా మొదటి ఆటకి ముందు ప్రతి ఆటగాడికీ పది మాటలు చదివి వినిపించాలి. గుర్తున్నన్ని తిరిగి చెప్పాలి. మామూలు మనిషికి ఏడెనిమిది వస్తాయి. ఆ లెక్క కాగితం మీద రాసి ఉంచుతాం. ఆటలో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే పక్కకి తీసుకొచ్చి మళ్ళీ అడుగుతాం. మొదటి లెక్క కన్నా తగ్గితే ఆ రోజుకి అతను ఆడకూడదు.

దానికి మావాళ్ళు ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. మొదటిసారి కావాలనే తక్కువ చెబుతారు. ఏడు వచ్చేవాడు నాలుగు చెబుతాడు. దెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్నా నాలుగు చెప్పలేడా ఏమిటి? అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నవ్వుకుంటూ రాసేదాన్ని.

ఇందులో అన్నయ్యని మించినవాడు లేడు. "గంట, ఉప్పు, బీరు, మా అత్తగారు, ఇంకో బీరు" అనేవాడు. పెళ్ళే కాలేదు, అత్తగారెక్కడిది? గది గొల్లుమనేది. నేను 'రెండు' అని రాసేదాన్ని.

ఈ అక్టోబరులో బడి వ్యాయామశాలలో, కుర్రాళ్ళందరి ముందు అన్నయ్యకి మళ్ళీ పరీక్ష పెట్టాను. "గంట, ఉప్పు, జీను, చేప, తాడు, మేడ, నావ, మేకు, ఊలు, పలక" అని చదివాను.

"గంట" అన్నాడు అన్నయ్య. "ఉప్పు." ఆగాడు. "తాడు."

"ఆహా, మొదలెట్టాడ్రా!" అన్నారెవరో.

"గంట..." అన్నాడు మళ్ళీ.

"గంట అయిపోయింది గురూ, బీరు దగ్గరికి రా!"

అందరూ పడీపడీ నవ్వారు. కోచ్ తొడ చరుచుకుని, "ఇలాంటి మొద్దు దేశంలో ఇంకోడు దొరకడు!" అన్నాడు. అన్నయ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. బెంచీ కింద అతని చెయ్యి నాకు కనిపిస్తోంది. బొటనవేలితో ఒక్కో వేలూ తాకి లెక్కపెట్టుకుంటున్నాడు. మూడో వేలు దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వస్తున్నాడు.

నేను 'మూడు' అని రాశాను. నేనూ నవ్వాను.

ఆ తర్వాతే ఒక్కొక్కటీ కనబడటం మొదలైంది. ఎత్తుల పేర్లు చీటీ మీద రాసి మణికట్టుకి కట్టుకునే పట్టీ ఒకటుంటుంది. "చీటీ చూసి ఆడేవాడు క్వార్టర్‌బ్యాక్ కాదు, గుమస్తా" అని కోల్బీని వెక్కిరించినవాడు, నాతో రాయించుకున్నాడు. రెండోసారి, ఇంకా పెద్ద అక్షరాలతో రాయమన్నాడు. పోయిన శనివారం ఆట మొదలై పది నిమిషాలు కాకముందే, ఆటని కాసేపు ఆపించే టైమౌట్లు మూడూ అడిగేశాడు. "అబ్బ, ఏం తెలివి! వాళ్ళ ఊపు తగ్గిస్తున్నాడు" అని మైదానం మెట్ల మీద జనం మెచ్చుకున్నారు. నేను కింద గీత పక్కనే నిలబడి ఉన్నాను. అతను చీటీ వంక చూస్తున్నాడు, తెలియని భాషలో ఉన్నట్టు.

గురువారం బడి వదిలాక బస్సుల షెడ్డుకి వెళ్ళాను. కోచ్ లబెల్ పగలు మా బడి బస్సు నడుపుతాడు. చక్రాలకి గొలుసులు తొడుగుతున్నాడు.

"కోచ్, అన్నయ్య పరీక్షలో నటించలేదు."

"ఏ పరీక్ష?"

"పది మాటలది. నిజంగానే మూడే వచ్చాయి."

నవ్వాడు. "అమ్మాయ్, మీ అన్న ఆ పరీక్ష ఎప్పుడు సరిగ్గా చేశాడు చెప్పు? అత్తగారి మాట మర్చిపోయావా?"

"అదే నేనూ చెప్పేది. నటించేటప్పుడు లేని మాటలు కలుపుతాడు. ఈసారి ఒక్కటీ కలపలేదు. వెతుక్కున్నాడు, కోచ్. వేళ్ళ మీద వెతుక్కున్నాడు. పైగా కాగితం మీద మూడే ఉంది. శనివారం ఎంత దెబ్బ తగిలినా మూడు చెబితే మళ్ళీ లోపలికి పంపిస్తాం. ఇంక అతన్ని ఆపడానికి దారే లేదు."

కోచ్ గొలుసు కింద పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఆ కాగితాల మీద నాలుగేళ్ళుగా సంతకం పెడుతున్నది ఎవరమ్మా?"

"నేనే" అన్నాను.

"మరి ఇప్పుడా నీకు తెలివొచ్చింది? సరిగ్గా ఈ వారమా?"

"మీరే పెట్టండి పరీక్ష. కుర్రాళ్ళు లేకుండా. నిజంగా చెయ్యమని చెప్పి పెట్టండి."

గొలుసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చెడ్డవాడు కాదు. నాన్న చనిపోయిన ఏడాది మా ఇంటి ముందు పడ్డ మంచునంతా అతనే తోశాడు. "సరే. శనివారం పొద్దున్న బంతుల కోసం ఎలాగూ వస్తాను. అప్పుడు అడుగుతా. ఏడు చెబితే నువ్వు నోరెత్తకూడదు."

"ఎత్తను. చెప్పకపోతే?"

"చెప్పకపోతే బెంచీ మీద కూర్చుంటాడు. ఒట్టు, సరేనా? ఇక వెళ్ళు, చలిగా ఉంది."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అన్నయ్య కట్టెలు కొడుతున్నాడు, ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"కడుపు నిండిందా నీకు?" అంది అమ్మ.

"అమ్మా, డాక్టరు ఏమన్నాడో నువ్వూ విన్నావు."

"విన్నాను. రెండు శీతాకాలాలు వాడు ఆ గదిలో గోడకేసి తిరిగి పడుకున్నాడు. అదీ చూశాను. తలుపు దగ్గర కంచం పెట్టిందీ, నిండుగా వెనక్కి తీసుకొచ్చిందీ నేను, నువ్వు కాదు. ఇప్పుడు పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడు. ఈల వేస్తున్నాడు. విన్నావా ఈల?"

"విన్నాను."

"మరి?"

ఈల నిజమే. కుక్క సంగతీ నిజమే.

"ఇంకో దెబ్బ తగిలితే..."

"నోరు ముయ్యి" అంది అమ్మ. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

శుక్రవారం నేను బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో బల్ల నిండా పాస్టీలు ఆరుతున్నాయి. మాంసం, దుంపలు పెట్టి అంచులు నొక్కి మూసినవి, ఆట రోజు జట్టు మొత్తానికీ అమ్మే చేస్తుంది. పొయ్యిలో ఇంకో వాయి ఉంది. అమ్మ మాత్రం లేదు. పెరట్లో ఆవిరి స్నానం చేసే సౌనా గది పొగగొట్టం నుంచి పొగ వస్తోంది. ఆ గది తలుపు తీసుకుని అమ్మ బయటికి వచ్చింది, తలకి శాలువా చుట్టుకుని. నన్ను చూసి, "వాడికి తువ్వాలు ఇచ్చొచ్చాను" అంది. చేతులకి ఇంకా పిండి ఉంది.

కట్టెల కోసం అటు వెళ్ళినప్పుడు లోపల అన్నయ్య గొణుక్కోవడం వినిపించింది. మాటలు తెలియలేదు. తడబడటం, ఆగడం, మళ్ళీ మొదటి నుంచి అందుకోవడం మాత్రం తెలిసింది. ఎత్తుల పేర్లు వల్లిస్తున్నాడనుకున్నాను. ఇంట్లోకి వచ్చాక నా సంచీలోని పరీక్ష కాగితాల అట్ట బల్ల మీద కనిపించింది. దాని క్లిప్పు మీద పిండి వేలిముద్ర. పాస్టీలకి చోటు చేస్తూ అటూ ఇటూ జరిపిందేమోనని, తుడిచి లోపల పెట్టేశాను.

ఆ సాయంత్రం అన్నయ్య స్నానం చేసి, ఎర్రబడిన ముఖంతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను రుద్దిన బంతి తీసుకుని వేళ్ళు కుట్టు మీద పెట్టి చూశాడు. ఆ వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. కుట్టు దొరకగానే వాటంతట అవే సర్దుకున్నాయి.

"భలే రుద్దావే పిల్లా. పట్టు వదలడం లేదు. శనివారం చలి ఉంటుందంటావా?"

"రేపే శనివారం అన్నయ్యా."

"తెలుసు" అన్నాడు గట్టిగా. తర్వాత బంతి నా ఒళ్ళో పెట్టి, "నాకు తెలుసులేవే" అన్నాడు మెల్లగా.

శనివారం పొద్దున్న కోచ్ బూట్ల మంచు దులుపుకుని లోపలికి వచ్చాడు. "ఇర్మా, నీ పాస్టీల వాసన వంతెన దాకా వస్తోంది! అవతలి జట్టువాళ్ళు ఇటే వచ్చేస్తారు, జాగ్రత్త" అన్నాడు అమ్మతో. అమ్మ నవ్వి ఒకటి చేతిలో పెట్టింది. అందరం హుషారుగా ఉన్నట్టే ఉన్నాం.

అన్నయ్య అప్పటికే ఆట బట్టల్లో ఉన్నాడు. మణికట్టుకి పట్టీ కట్టుకున్నాడు. కోచ్ బల్ల ముందు కూర్చుని నా దగ్గర కాగితం తీసుకున్నాడు.

"గార్త్, మీ చెల్లెలికి నీ బుర్ర మీద అనుమానంగా ఉందిట. ఇవాళ వేషాలు వద్దు. అత్తగారు వద్దు. నిజంగా చెప్పాలి. సరేనా?"

"సరే కోచ్." అన్నయ్య అమ్మ వంక చూశాడు. అమ్మ కొంచెం తల ఊపింది. పొద్దుట నుంచి ఆమె ముఖంలో ఉన్న ధైర్యం ఏమిటో నాకు అంతుబట్టలేదు.

"ముందు వైపు నిండిపోయిందే" అన్నాడు కోచ్. అక్కడ అక్టోబరు లెక్క ఉంది, నా సంతకంతో. కాగితం వెనక్కి తిప్పాడు. వెనక ఇంకో పది మాటలుంటాయి, రెండోసారి అడగాల్సి వస్తే చదవడానికి. కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో మాటా నిదానంగా, స్పష్టంగా చదివాడు.

"కిటికీ. తేనె. గొడ్డలి. దుప్పటి. నక్క. గిన్నె. పొగ. మెట్టు. గాజు. కొమ్మ."

మొదటి మాటకే అమ్మ చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లవాడిలా వెన్ను నిటారుగా పెట్టాడు.

"గంట, ఉప్పు, జీను, చేప, తాడు, మేడ, నావ, మేకు, ఊలు, పలక."

ఎక్కడా ఆగలేదు. ఒక్కటీ తప్పలేదు. కళ్ళు తెరిచి మా ముగ్గురినీ చూశాడు. "పది! లెక్కపెట్టుకోండి కావాలంటే."

పొయ్యిలో కట్టె చిటపటమంది. కోచ్ కాగితం ముందుకి తిప్పి చూశాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. సగం తిన్న పాస్టీ బల్ల మీద పెట్టేశాడు. అతనికి అర్థమైంది. నాకు క్లిప్పు మీది పిండి వేలిముద్ర గుర్తొచ్చింది. అర్థం కానిది అన్నయ్య ఒక్కడికే. ఇప్పుడే విన్న మాటలు వేరని, అవి పదీ అతని చెవి దాటి లోపలికి వెళ్ళనే లేదని.

"ఏంటలా చూస్తారు?" అన్నాడు. "పదీ వచ్చాయి కదా?"

కోచ్ గోడ గడియారం వంక చూశాడు. కిటికీలోంచి తన బండి వంక చూశాడు. బండికి ఎవరో జట్టు రంగు పచ్చ రిబ్బన్లు కట్టారు.

"వచ్చాయి" అన్నాడు. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "పదీ చెప్పావు, గార్త్." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"కోచ్, ఒట్టేశారు మీరు" అన్నాను.

"ఏడు చాలన్నాం. పది చెప్పాడు." నా వంక చూడకుండానే లేచి బంతుల సంచీ భుజాన వేసుకున్నాడు. "బండి వేడెక్కి ఉంది, గార్త్. పద."

"చూశావుటే క్రిస్టా?" అన్నాడు అన్నయ్య. గెలిచినందుకు నన్ను ఏడిపించాలనే ఉంది అతనికి, కానీ ముఖం నిండా వెలుగు, ఏడిపించలేకపోతున్నాడు. "నీకోసం ఇంకోసారి చెప్పనా? గంట, ఉప్పు, జీను..."

"వద్దు నాన్నా" అంది అమ్మ.

గుడ్డ మడిచి బల్ల అంచు మీద పెట్టింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి మేకు మీది హెల్మెట్ తీసింది. కోచ్ అందుకోవడానికి చెయ్యి చాపాడు. అమ్మ అతని పక్కనుంచే నడిచి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఒంటి చేత్తో బూట్లు తొడుక్కుంది, హెల్మెట్ కింద పెట్టకుండా. కోటు వేసుకోవడానికి మాత్రం దాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఇర్మా" అన్నాడు కోచ్. "ఇర్మా, గది నిండా హెల్మెట్లున్నా వాడికి పట్టేది అదొక్కటే. అది లేకపోతే ఆడనివ్వరు. నీకు తెలుసు."

అమ్మ కోటు బొత్తాలు కింద నుంచి పై దాకా పెట్టుకుంది. హెల్మెట్‌ని రెండు చేతులతో పొట్టకి అదిమి పట్టుకుంది.

"అమ్మా, ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

అమ్మ భుజంతో తలుపు నెట్టి, మంచులోకి వెళ్ళిపోయింది.